గుడిలో ఆరాధన, ఇంట్లో ఆచరణ: తెనాలి, బాపట్ల, రేపల్లె సంఘాల్లో ఆత్మీయ ఎదుగుదల

తెనాలి నుంచి రేపల్లెకు వెళ్లే రైలు మార్గం పొడవునా, బాపట్ల నుంచి సముద్రం వైపు సాగే రోడ్ల వెంట ప్రార్థన మందిరాలకు కొదవ లేదు. పాత పల్లెల్లో లూథరన్ గుడో, బాప్టిస్టు గుడో ఉంటుంది. కాస్త దూరంలో రక్షణ సైన్యం వారి హాలు, కాలవగట్టున రేకుల షెడ్డులో పెంతెకొస్తు మందిరం, ఆ వెనక వీధిలో బైబిలు మిషను కూటం. ఆదివారం ఉదయం ఒక మైకులో పాట ఆగకముందే ఇంకో మైకులో ప్రసంగం మొదలవుతుంది. వారం మధ్యలో ఉపవాస కూటాలు, స్త్రీల కూటాలు, యౌవనస్థుల కూటాలు, నెలకో రాత్రి ప్రార్థన, చలికాలంలో ఉజ్జీవ సభలు.

ఇన్ని కూటాలు ఉన్న నేల మీద అడగాల్సిన ప్రశ్న ఒకటే. విశ్వాసి లోపల ఎదుగుతున్నాడా? దేవుని ఎదుట మోకరించిన మనిషి, మోకాళ్ల మీద నుంచి లేచాక మారుతున్నాడా? ఈ ప్రశ్నకు ఈ ప్రాంతపు సంఘాలు దాదాపు నూట ఎనభై ఏళ్లుగా రకరకాల జవాబులు చెబుతూ వచ్చాయి. ఆ జవాబులను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తోంది. ఆరాధన ఇంటి అలవాటుగా, ఆ అలవాటు వీధిలో నడతగా మారినచోట ఎదుగుదల ఉంది. మధ్యలో ఏ లంకె తెగినా కూటాలు పెరిగాయి గాని మనుషులు పెరగలేదు.

లూథరన్ల జవాబు: క్రమం, ప్రశ్నోత్తరి

ఫాదర్ హేయర్ 1842 జూలై 31న గుంటూరు చేరాడు. అమెరికా లూథరన్ మిషను ఆయనతో మొదలై, తర్వాతి దశాబ్దాల్లో తెనాలి, రేపల్లె తాలూకాల పల్లెల్లోకి పాకింది. 1927లో ఆ సంఘాలన్నీ ఆంధ్ర సువిశేష లూథరన్ సంఘంగా ఏర్పడ్డాయి.

లూథరన్ ఆరాధనలో ప్రతిదానికీ ఒక క్రమం ఉంది. ముందు పాపపు ఒప్పుకోలు, తర్వాత క్షమాపణ ప్రకటన, వాక్య పఠనాలు, విశ్వాస ప్రమాణం, ప్రసంగం, కానుక, ప్రభువు బల్ల. అదే వరుస వారం వారం తిరిగి వస్తుంది. చదువు రాని ముసలమ్మ కూడా పుస్తకం చూడకుండా మొత్తం అప్పజెబుతుంది. కొత్త తరానికి ఇది విసుగనిపించవచ్చు. కాని ఈ వరుసలో గొప్ప మేలు ఉంది. సంతోషంగా ఉన్న వారమైనా, ఏడుపు ఆగని వారమైనా, మనిషి ముందు తన తప్పు ఒప్పుకొని, తర్వాతే చేయి చాచాలని అది నేర్పుతుంది. మన మనసు ఎలా ఉందన్నదాన్ని బట్టి ఆరాధన నడవదు. ఆరాధనే మనసును నడుపుతుంది.

దీనికి తోడు చిన్న ప్రశ్నోత్తరి. మార్టిన్ లూథర్ 1529లో దీన్ని రాసింది గుడి కోసం మాత్రమే కాదు. ఇంటి యజమాని తన పిల్లలకూ పనివాళ్లకూ నేర్పడానికి రాశాడు. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన, బాప్తిస్మం, ప్రభువు భోజనం, వాటితోపాటు పొద్దున లేచాక, రాత్రి పడుకోబోయే ముందు చేసే ప్రార్థనలు అందులో ఉన్నాయి. తెలుగు అచ్చు చరిత్రలోనూ దీనికి చోటుంది. మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1746లో జర్మనీలోని హాలే పట్టణంలో తెలుగులో ఒక చిన్న ప్రశ్నోత్తరిని అచ్చు వేయించాడు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాల్లో అదొకటి. అంటే ఇంట్లో కూర్చొని పిల్లవాడికి విశ్వాసం నేర్పాలన్న ఆలోచన, మన పల్లెల్లో గుడి కట్టకముందే తెలుగులోకి వచ్చింది. ఇవాళ కన్ఫర్మేషన్‌కు ముందు కొన్ని వారాలు బట్టీ పట్టించడంతో ప్రశ్నోత్తరి పని అయిపోతోంది. ఇంటి పుస్తకం పరీక్ష పుస్తకమైంది. లూథరన్ సంఘాలు పోగొట్టుకున్నవాటిలో నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది ఇదే.

బాప్టిస్టుల జవాబు: నిర్ణయం

అమెరికన్ బాప్టిస్టు మిషను బాపట్ల వైపు వచ్చింది ఒంగోలు నుంచి. 1880లలో అది బాపట్లను ఒక కేంద్రం చేసుకుంది. ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల నడిపింది. బాప్టిస్టు విశ్వాసంలో ఇరుసు వ్యక్తి తీసుకునే నిర్ణయం. పసిపిల్లకు బాప్తిస్మం ఇవ్వరు. తెలిసిన వయసులో తానే ఒప్పుకొని నీళ్లలో దిగాలి.

ఈ నిర్ణయం ఎంత నిజమైనది అన్న ప్రశ్న 1876-78 కరువులో నిప్పులా ఎదురైంది. ఒంగోలులో మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. అదే సమయంలో జనం బాప్తిస్మం కోసం గుంపులుగా వచ్చారు. ఆకలి కోసం వస్తున్నారేమోనన్న శంకతో క్లౌ కరువు సహాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయం ముగిశాక కూడా జనం వెనక్కి పోలేదు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను సంఘ చరిత్రలన్నీ గర్వంగా చెబుతాయి. నాకు మాత్రం దానికంటే ముందు జరిగిన ఆపుదల ముఖ్యంగా కనిపిస్తుంది. బియ్యం చేతిలో పెట్టుకుని విశ్వాసం అడగకూడదన్న వివేకం అది. స్వస్థత సభల ఈ కాలంలో ఆ వివేకం మరీ అవసరం.

ఆ ఉద్యమాన్ని నిలబెట్టింది దొరలు కాదు. యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ బోధకుడు 1866లో బాప్తిస్మం తీసుకుని ఊరూరా నడిచాడు. అంతకు ముందే ఆయన రాజయోగ సాధన చేసి శిష్యులకు బోధించినవాడు. దేవుని కోసం కూర్చోవడం, ధ్యానించడం, గురువు మాటను మననం చేయడం ఆయనకు కొత్త కాదు. ఈ నేల మీద క్రైస్తవ ఆత్మీయత ఖాళీ చోట మొలవలేదు. అప్పటికే ఇక్కడి దళిత వాడల్లో ఉన్న సాధనా సంప్రదాయం దానికి ఆసరా అయింది.

రక్షణ సైన్యం జవాబు: సేవ

సాల్వేషన్ ఆర్మీని మనవాళ్లు రక్షణ సైన్యం అంటారు. 1882లో బొంబాయిలో దిగిన ఈ సంఘం కోస్తాలో బాపట్ల చుట్టుపక్కల గట్టిగా వేళ్లూనింది. వారికి బాప్తిస్మం లేదు, ప్రభువు బల్ల లేదు. జీవితమంతా సంస్కారమే కావాలన్నది వారి నమ్మకం. పాస్టరుకు బదులు కెప్టెను, మేజరు ఉంటారు. సభ్యుడు సైనికుడు. మద్యం, పొగాకు ముట్టనని మాట ఇచ్చి చేరతాడు. బాపట్లలోని కుష్ఠువ్యాధి ఆసుపత్రి, నిడుబ్రోలులోని ఇవాంజలిన్ బూత్ ఆసుపత్రి ఆ నమ్మకానికి గుర్తులు. ఎవరూ తాకని ఒంటిని కడిగి కట్టు కట్టడం వారి లెక్కలో ఆరాధనే.

ఈ సంప్రదాయానికే ఇంకో ముఖం స్టూవర్టుపురం. నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను బాపట్ల, చీరాల మధ్య స్థిరపరచిన ఈ సెటిల్‌మెంటును 1910లలో ప్రభుత్వం రక్షణ సైన్యానికి అప్పగించింది. అక్కడ బడి ఉంది, పని ఉంది, ప్రార్థన ఉంది. వాటితోపాటు హాజరు పట్టీ కూడా ఉంది. అనుమతి లేకుండా ఊరు దాటడానికి వీల్లేదు. పుట్టుకతోనే నేరస్థుడన్న ముద్ర 1952లో చట్టం రద్దయ్యాక కూడా చాలాకాలం వదల్లేదు. అక్కడ సేవ చేసినవారి ప్రేమను నేను తక్కువ చేయను. కాని కాపలా నీడలో చేసిన ప్రార్థన మనిషికి స్వేచ్ఛ ఇవ్వలేదు. ఆత్మీయ ఎదుగుదలకు క్రమశిక్షణ కావాలి, ఆ క్రమశిక్షణను మనిషి తానే ఎంచుకోవాలి. స్టూవర్టుపురం చరిత్ర సంఘాలన్నిటికీ నేర్పే పాఠం అదే.

దేవదాసు అయ్యగారి జవాబు: సన్నిధి

నాలుగో జవాబు తెలుగు నేల మీదే పుట్టింది. లూథరన్ సంఘంలో బోధకుడిగా పనిచేసిన ముంగమూరి దేవదాసు అయ్యగారు 1938లో రాజమండ్రిలో బైబిలు మిషనును ఆరంభించారు. చివరి సంవత్సరాలు గుంటూరు కాకాని తోటలో గడిపి 1960లో ప్రభువు సన్నిధికి చేరారు. ఏటా జనవరి నెలాఖరులో గుంటూరు దగ్గర జరిగే బైబిలు మిషను మహాసభలకు తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు నుంచి జనం మూటాముల్లె కట్టుకుని పోతారు.

ఆయన నేర్పిన ముఖ్యమైన సాధన సన్నిధిలో కనిపెట్టడం. అడగాల్సినవి అడిగేశాక మౌనంగా కూర్చుని దేవుడు మాట్లాడేదాకా ఎదురుచూడటం. మాటలతో నిండిపోయిన ప్రొటెస్టెంటు ఆరాధనకు ఇది పెద్ద చేర్పు. దీనిలో ప్రమాదమూ ఉంది. తనకు తోచిన ప్రతిదాన్నీ దేవుని మాటే అనుకునే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. దానికి విరుగుడుగా లేఖనం, తోటి విశ్వాసుల సలహా పక్కనే ఉండాలి. ఆ రెండూ ఉన్నచోట మౌనం మనిషిని మెత్తబరుస్తుంది.

సువార్తికుడు భక్తసింగ్ ప్రభావంతో ఏర్పడిన సహవాసాలు ఇంకో మంచి అలవాటు తెచ్చాయి. అది ప్రేమ విందు. ఆరాధన తర్వాత అందరూ కింద వరుసగా కూర్చుని ఒకే అన్నం తినడం. ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారో చూసే ఊళ్లలో ఆ పంక్తి చేసే బోధ ఏ ప్రసంగానికీ తీసిపోదు. 1940లో ఏర్పడిన గుంటూరు మేత్రాసనం కిందనున్న కథోలికులు జపమాలతో, మరియమాత పండుగలతో, ఫిబ్రవరిలో గుణదల కొండకు యాత్రతో భక్తిని ఒంటికి, కాళ్లకు నేర్పుతారు. ఉపవాసం, నడక, మోకాళ్లూనడం వంటి దేహసాధనలను చులకన చేసిన సంఘాలు వారి దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది.

పాటలో పెరిగిన విశ్వాసం

ఈ జవాబులన్నీ కలిసే చోటు పాట. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే కీర్తన తలమీద రాగం, తాళం కనిపిస్తాయి. పందొమ్మిదో శతాబ్దపు భక్తకవి పురుషోత్తమ చౌదరి క్రీస్తు కథను, సిలువ తత్వాన్ని కర్ణాటక బాణీల్లో పెట్టిన తొలితరం వారిలో అగ్రగణ్యుడు. అక్షరం రాని వాడల్లో ఆ కీర్తనలే వేదాంత గ్రంథం అయ్యాయి. త్రిత్వం అంటే ఏమిటో ప్రసంగంలో అర్థం కాని కూలిమనిషి, పది చరణాల కీర్తనలో దాన్ని పొలం గట్టు మీద పాడుకుంది. కంజర, తాళాలు, హార్మోనియం ఉంటే చాలు, రాత్రి భోజనాల తర్వాత వీధి అరుగే బడి.

ఇప్పటి పాట మారింది. కీబోర్డు, ప్యాడ్లు, తెరమీద సాహిత్యం, ఫోనులో యూట్యూబు. యౌవనస్థులను మందిరానికి రప్పించడంలో కొత్త పాట చేస్తున్న మేలు కాదనలేనిది. దుఃఖాన్ని సూటిగా చెప్పడం కొత్త పాటలకు బాగా తెలుసు. అయితే చాలా పాటల్లో నా బాధ, నా విజయం, నా మేలు తప్ప పొరుగువాడి ఊసు వినిపించదు. పాత కీర్తన సృష్టి దగ్గర మొదలై సిలువ మీదుగా తీర్పు దాకా నడిచేది. ఏ సంఘమైనా వారానికి ఒక పాత కీర్తనను అర్థంతో సహా నేర్పితే, కొత్త పాటకు వేరు దొరుకుతుంది.

చదువు, ఇల్లు, గుప్పెడు బియ్యం

మిషను బడి లేకపోతే ఈ ప్రాంతపు దళిత వాడల్లో అక్షరం ఎంత ఆలస్యమయ్యేదో చెప్పనక్కర్లేదు. అయితే బడి కన్నా లోపలికి, వంటింటి గడప దాకా వెళ్లింది బైబిలు స్త్రీలు. వితంతువులు, ఒంటరి ఆడవాళ్లు, కొద్దిపాటి చదువు నేర్చి, సంచిలో సువార్త పుస్తకాలతో ఇల్లిల్లూ తిరిగారు. చదివి వినిపించారు, అక్షరాలు దిద్దించారు, పురుడు వచ్చిన ఇంట్లో సాయం చేశారు. సంఘ చరిత్రల్లో దొరల పేర్లు నిండుగా ఉంటాయి. వీరి పేర్లు చాలావరకు మిగల్లేదు. ఇంటి భక్తిని నిలబెట్టిందీ, తరం నుంచి తరానికి అందించిందీ వీరే.

ఆ ఇంటి భక్తి ఎలా ఉంటుందో ఒకసారి దగ్గరగా చూడాలి. పల్లెలో రాత్రి ఎనిమిది దాటింది. అన్నాలు అయ్యాయి. చాప పరిచి నలుగురూ కూర్చుంటారు. బైబిలు అట్ట ఊడిపోయి ప్లాస్టిక్ కవరులో ఉంటుంది. ఆరో తరగతి పిల్లవాడు కూడబలుక్కుంటూ కీర్తనల గ్రంథంలోంచి ఒక అధ్యాయం చదువుతాడు. మాట తప్పితే నాయనమ్మ కళ్లు మూసుకునే సరిదిద్దుతుంది. ఆమెకు అక్షరం రాదు, అధ్యాయం మాత్రం నోటికి వచ్చు. తర్వాత ఒక్కొక్కరు ప్రార్థన చేస్తారు. అప్పు తీరాలని ఒకరు, అక్క పరీక్ష పాసవ్వాలని ఒకరు, పక్కింటి మామయ్య తాగుడు మానాలని ఒకరు. అమ్మ వంతు వచ్చేసరికి, పొద్దున తోటికోడలిని అన్న మాట కోసం క్షమాపణ అడుగుతుంది. పిల్లలు అది వింటారు. పావుగంటలో అయిపోయే ఈ కూడికలో వాక్యం ఉంది, ఒప్పుకోలు ఉంది, పొరుగువాడి కోసం మనవి ఉంది. ఆదివారం ఆరాధనలో ఉన్న ముఖ్యాంశాలన్నీ చాప మీదికి దిగివచ్చాయి.

దీనికి జతగా గుప్పెడు బియ్యం. ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. వారం చివర ఆ డబ్బా గుడికి చేరుతుంది. పాస్టరుగారి ఇంటికో, ఆసరాలేని ముసలివాళ్లకో వెళుతుంది. నెలకోసారి నోటు కవరులో పెట్టి ఇచ్చే కానుకకు దీనికి తేడా ఉంది. పూటపూటా వంట దగ్గర నిలబడి, మన కూడులోంచి కొంత మనది కాదని గుర్తుచేసుకోవడం ఇది. గ్యాసు పొయ్యిలు, కుక్కర్లు వచ్చాక, డబ్బు కానుకలు పెరిగాక ఈ అలవాటు చాలా ఇళ్లలో పోయింది. నిలిచి ఉన్న ఇళ్లలో పిల్లలకు ఇవ్వడం ఎవరూ నేర్పక్కర్లేదు, చూస్తూనే నేర్చుకుంటారు.

ఏడాది పొడవునా పండుగలు

సంఘ పంచాంగం కూడా ఒక బడి. శ్రమకాలపు నలభై రోజులూ రోజుకో ఇంట్లో ధ్యాన కూటం జరుపుకునే సంఘాలు ఉన్నాయి. అలా ఏడాదిలో ఒకసారైనా ప్రతి సభ్యుడి గడపా సంఘం తొక్కుతుంది. శుభశుక్రవారం మధ్యాహ్నం మూడు గంటల ఆరాధన, ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో కొవ్వొత్తులతో పాటలు మరణభయాన్ని ఎదుర్కోవడం నేర్పుతాయి. తాత సమాధి పక్కన నిలబడి పునరుత్థానం గురించి విన్న పిల్లవాడికి ఆ మాట బరువు తెలుస్తుంది.

కోత పండుగ వేలం ఈ ప్రాంతపు ఆరాధనలో ఎంతో సొగసైన ఘట్టం. పంట ఇంటికి చేరాక గుడి ముందు కానుకలు పేరుస్తారు. వరి కంకుల కట్ట, మినుముల సంచి, గుమ్మడికాయ, కోడిపుంజు, అరటి గెల, కోడిగుడ్లు. సముద్రం వైపు ఊళ్లయితే ఎండుచేపలూ వస్తాయి. పెద్ద ఒకాయన వేలం పాడతాడు. యాభై రూపాయల గుమ్మడికాయను ఒకాయన అయిదు వందలకు పాడుకుని, తిరిగి బల్ల మీద పెట్టేస్తాడు. అది మళ్లీ వేలానికి వస్తుంది. అలా ఒకే కాయ నాలుగు చేతులు మారి, చివరికి ఇంట్లో పంట లేని ఒక విధవరాలి సంచిలో చేరుతుంది. కౌలుకు చేసి నష్టపోయిన రైతు ఆ ఏడు నాలుగు గుడ్లు తెస్తే వాటినీ అంతే గౌరవంగా పాడతారు. పంట దేవునిది, పంచుకోవడం మనది అన్న సత్యం అక్కడ ప్రసంగం లేకుండానే అర్థమవుతుంది.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానపు కార్డులు తీయడం ఇప్పుడు అందరికీ ఇష్టమైన ఆచారం. కొత్త ఏటికి ఒక వాక్యం చేతికందడం మంచిదే. కాని దాన్ని జాతకం చీటీలా చూసే ధోరణి పెరిగింది. వాగ్దానంతోపాటు ఆ వాక్యం మన నుంచి ఏమి కోరుతోందో కూడా ఆ రాత్రే చెప్పగల కాపరి తన సంఘాన్ని ఏడాది పొడవునా కాపాడినవాడవుతాడు.

స్వస్థత సభలు, ఫోను తెరలు

ఇరవై ముప్పై ఏళ్లుగా స్వతంత్ర సంఘాలు విస్తారంగా పెరిగాయి. పెద్ద సంఘాలు చేరలేని వాడలకు, వలస కూలీల గుడిసెలకు చేరింది ఈ కాపరులే. అర్ధరాత్రి కబురు వస్తే మోటారు సైకిల్ మీద ఆసుపత్రికి పరుగెత్తేది వీరే. తాగుడు మాన్పించిన ఇళ్లు, నిలబెట్టిన కాపురాలు ఎన్నో ఉన్నాయి. దీన్ని చూడకుండా వీరిని విమర్శించేవారు న్యాయం చేయరు.

అయినా చెప్పాల్సిన మాట చెప్పాలి. మందు మానేసి నూనె రాసుకోమనే బోధ ప్రాణాలు తీస్తుంది. ఇచ్చిన దానికి వంద రెట్లు వస్తుందని అప్పులవారి దగ్గర కానుక రాబట్టే బోధ విశ్వాసాన్ని వ్యాపారం చేస్తుంది. అద్భుతం జరగకపోతే నీ విశ్వాసం చాల్లేదని రోగినే నిందించడం క్రూరత్వం. దేవుడు స్వస్థపరుస్తాడని నేను నమ్ముతాను. ఆయన డాక్టరు చేత, నర్సు చేత కూడా ఆ పని చేయిస్తాడనీ నమ్ముతాను. గుంటూరులో మిషనరీ డాక్టరు అన్నా కుగ్లర్ కట్టిన ఆసుపత్రి, బాపట్లలో కుష్ఠురోగుల వార్డులు ప్రార్థనకు పోటీగా వచ్చినవి కావు, ప్రార్థనలోంచి పుట్టినవి.

ఫోనులో ప్రసంగాలు వినడం కూడా రెండు వైపులా పదునున్న సంగతే. మంచానపడ్డ ముసలివారికి, గల్ఫులో ఇంటిపనికి వెళ్లిన ఆడకూతురికి అది ఊపిరి. మందిరానికి నడిచి వెళ్లగలిగినవారికి మాత్రం అది సరిపోదు. తెర మీది బోధకుడికి మన పేరు తెలియదు. మన ఇంటి గొడవ తెలియదు. తప్పు చేస్తే పిలిచి మందలించడు.

సంఘం లేకుండా ఎదగగలమా?

ఈ ప్రశ్నను డెల్టాలో గట్టిగా అడిగినవాడు మునిపల్లెకు చెందిన కలగర సుబ్బారావు. ఉపాధ్యాయుడైన ఆయన 1940లలో జబ్బుతో ఉండగా క్రీస్తు దర్శనం కలిగిందని చెప్పారు. అప్పటినుంచి క్రీస్తు భక్తుడయ్యారు. రోగుల కోసం ప్రార్థించారు, పాటలు రాశారు. బాప్తిస్మం మాత్రం తీసుకోలేదు, సంఘంలో చేరలేదు. క్రీస్తును మతంగా మార్చారని పాదిరీలను ఘాటుగా విమర్శించారు. ఆయన చుట్టూ చేరినవారిలో సంఘం గడప ఎన్నడూ తొక్కని వారు చాలామంది.

ఆ విమర్శలో నిజం ఉంది. రిజిస్టరులో పేరు ఎక్కించడమే ఎదుగుదల అనుకున్న సంఘాలకు అది చెంపపెట్టు. కాని నేను ఆయనతో చివరిదాకా నడవలేను. అహంకారం వదలడం గురించి ఒంటరిగా ధ్యానించవచ్చు. దాన్ని నిజంగా వదిలామో లేదో తెలిసేది మాత్రం మనకు నచ్చని మనిషి పక్కన కూర్చుని ఒకే పాత్రలోంచి తాగినప్పుడే. కులం ఇంత బలంగా ఉన్న నేల మీద ఆ ఒకే పాత్ర చాలా పెద్ద సంగతి.

కులం అనే పరీక్ష

ఇక్కడే సంఘాలు నిజాయితీగా తలవంచుకోవాలి. లూథరన్ సంఘాల్లో మాలలు, బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు ఎక్కువ. మిషన్లు పల్లెల్లో ప్రవేశించిన తీరు వల్ల వచ్చిన ఈ విభజన తరాలు గడిచినా పోలేదు. పెళ్లి మాటల దగ్గర, సంఘం ఎన్నికల దగ్గర, చివరికి సమాధుల తోటలోనూ అది బయటపడుతుంది. ఒకే బల్ల దగ్గర మోకరించి, బయటికి రాగానే కులం అడిగే విశ్వాసి ఇంకా ఎదగలేదు, ఎన్ని ఉపవాసాలు ఉన్నా సరే.

బయటి నుంచి వచ్చే దెబ్బ మరీ కఠినం. 1991 ఆగస్టు 6న తెనాలికి దగ్గరలోని చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ఊరు వదిలి వచ్చిన కుటుంబాలు తెనాలిలో రక్షణ సైన్యం ఆవరణలో తలదాచుకున్నాయి. అంతకు ఆరేళ్ల ముందు, 1985 జూలైలో, కారంచేడు దళితుల హత్యాకాండ బాధితులు చీరాలలో చర్చి ఆవరణకే చేరారు. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది. ఆ కుటుంబాల ప్రార్థన ఇంకా ముగియలేదు. గుడి ఆవరణ ఆశ్రయం ఇచ్చిన ఆ రోజుల్లో అది తన పని తాను చేసింది. న్యాయం కోసం నిలబడటం ఆత్మీయతకు సంబంధం లేని రాజకీయమని చెప్పే బోధకులు ఆమోసు, యెషయా ప్రవక్తల గ్రంథాలను మళ్లీ చదవాలి.

చట్టం పెట్టిన చిక్కు ఇంకొకటి ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఇవ్వలేదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో సడలింపు వచ్చింది, క్రైస్తవులకు రాలేదు. మన రాష్ట్రంలో వారికి దొరికేది బీసీ-సి కింద ఒక శాతం. అందుకే సర్టిఫికెట్టులో ఒక పేరు, మందిరంలో ఇంకో పేరు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో క్రైస్తవులు 1.34 శాతమే కనిపించడానికి ఇది ముఖ్యమైన కారణం. పిల్లల చదువు కోసం విశ్వాసాన్ని దాచుకోవలసి రావడం మనసులో ముల్లులా ఉంటుంది. వారిని నిందించే ముందు ఆ ముల్లును గుచ్చిన వ్యవస్థను చూడాలి. కాపరులు ఈ బాధ గురించి వేదిక మీద మాట్లాడటం మొదలుపెడితే, చాలామంది మొదటిసారి నిజాయితీగా ప్రార్థించగలుగుతారు.

వినుకొండలో పుట్టిన కవి గుర్రం జాషువా క్రీస్తు చరిత్రను పద్యకావ్యంగా రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. ఆయన గబ్బిలం కావ్యం అంటరానివాడి గోడు వినిపించింది. క్రీస్తు మీద ప్రేమ, కులం మీద కోపం ఒకే గుండెలో ఉండగలవని ఆయన జీవితం చూపింది. మన సండే స్కూళ్లలో జాషువాను చదివించాలి.

చేయవలసినవి

ఇంతదూరం చూశాక నా తీర్పు ఇది. తెనాలి, బాపట్ల, రేపల్లె సంఘాలకు కొత్త పద్ధతుల కొరత లేదు. నారుమడి ఎంత పచ్చగా ఉన్నా పొలంలో నాటు పడితేనే గింజ పడుతుంది. మన మందిరాల్లో నారు పుష్కలంగా ఉంది. ఇంట్లోకి, వీధిలోకి నాటే పని వెనకబడింది. ఆ పనికి కావలసినవి మన పెద్దలు ఇదివరకే ఇచ్చి పోయారు.

సంఘ పెద్దలకు నా మనవి ఇది. కొత్త కూటం ఒకటి పెట్టే బదులు, వారంలో ఒక కూటం తగ్గించి ఆ సాయంత్రం కుటుంబాలను ఇంట్లో ఉండనివ్వండి. చిన్న ప్రశ్నోత్తరిని తల్లిదండ్రుల చేతికి తిరిగి ఇవ్వండి. గుప్పెడు బియ్యం డబ్బాను మళ్లీ వంటింట్లో పెట్టించండి. సంఘం లెక్కలు ఏటా సభ ముందు చదవండి. నెలకోసారి పక్క సంఘంతో, ముఖ్యంగా కులం వేరైన సంఘంతో కలిసి ప్రభువు బల్లలో పాల్గొనండి, ఆ తర్వాత కలిసి అన్నం తినండి. సంఘంలో పనిచేసే స్త్రీలకు నిర్ణయాల్లో కూడా చోటివ్వండి. బైబిలు స్త్రీలకు మనం పడ్డ బాకీ తీర్చే దారి అదొక్కటే.

చదువుతున్న మీకు కూడా ఒక మాట. ఈ రాత్రి అన్నాలయ్యాక ఫోను పక్కన పెట్టి, ఇంట్లో చిన్నవాడి చేత ఒక అధ్యాయం చదివించండి. మీరు ఎవరి మనసు నొప్పించారో పిల్లల ముందే ఒప్పుకోండి. రేపు పొద్దున వాళ్ల ఇంటికి వెళ్లి రండి.